ఇంటి వైఫైకి కాపలా మోడల్: ప్రాజెక్టు డైరీ

మియాపూర్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, మూడో అంతస్తులో మా ఫ్లాటు. ఉదాహరణల నుంచి నేర్చుకునే మెషీన్ లెర్నింగ్ మోడల్‌తో చేయించాల్సిన పని ఇది: మన రౌటరు పేరు పెట్టుకుని ఎవరైనా నకిలీ డీఆథెంటికేషన్ (డీఆథ్) ఫ్రేములు, అంటే పరికరాల్ని వైఫై నుంచి తెంపేసే చిన్న రేడియో సందేశాలు, వదిలినా, మన నెట్‌వర్కు పేరుతో దొంగ యాక్సెస్ పాయింటు (రౌటరులా వైఫై ఇచ్చే పెట్టె) లేపినా పది, ఇరవై సెకన్లలో ఫోనుకి మెసేజ్ రావాలి. తప్పుడు మెసేజ్‌లు రోజుకి ఒకటి దాటకూడదు. పని ఎక్కువగా పెట్టించింది ఈ రెండో షరతే. ఇదే దారిలో దిగేవాళ్లు నేను పడిన గుంటల్లో పడకుండా ఉంటారని రాస్తున్నాను.

దశ 0: సామాను, హద్దులు

1. రాస్ప్‌బెర్రీ పై 4 (చిన్న కంప్యూటరు బోర్డు), 4 జీబీ. ఇంట్లో ఉన్నదే.
2. ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ వైఫై అడాప్టరు: రూ. 1,450.
3. రాస్ప్‌బెర్రీ పై నుంచి రౌటరుకి ల్యాన్ కేబుల్: రూ. 180.
4. పాడైన ల్యాప్‌టాప్‌లోంచి తీసిన ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీ డబ్బాలో పెట్టింది.
5. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రౌటర్లకి వాడే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్) ఎక్కించిన పాత రౌటరు. మోడల్‌కి నేర్పడానికి, దాన్ని పరీక్షించడానికి నేనే దాడులు చేసేది దీని మీదే.

రాస్ప్‌బెర్రీ పై బోర్డులో ఉన్న వైఫై మామూలుగా మానిటర్ మోడ్‌లోకి, అంటే చుట్టూ ఉన్న ఫ్రేములన్నీ వినే తీరులోకి, రాదు. నెక్స్‌మాన్ ఫర్మ్‌వేర్ వేస్తే వస్తుంది కానీ, కెర్నల్ మారినప్పుడల్లా దాన్ని మళ్ళీ బిల్డ్ చేసుకునే ఓపిక ఉండాలి. నాకు లేదు. ఏఆర్9271కి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వేరే బ్యాండు తెలియదు, 802.11ఎన్ అనే వైఫై ప్రమాణం దాటి అర్థం కాదు. అయినా మన పనికి చాలు, ఎందుకంటే బీకన్లు ('నేనున్నాను' అని రౌటరు చాటేవి), డీఆథ్‌లు లాంటి, నెట్‌వర్కును నడిపే మేనేజ్‌మెంట్ ఫ్రేములు ఈ బ్యాండులో ఇప్పటికీ పాతకాలపు తక్కువ వేగాల్లోనే వెళ్తాయి. ల్యాన్ కేబుల్ మాత్రం మానొద్దు. మానిటర్ మోడ్ పెట్టే పనిముట్టు ఎయిర్‌మాన్‌లో 'చెక్ కిల్' ఆదేశం కొట్టగానే, కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ పోతుంది. వైఫై మీద లాగిన్ అయి ఉంటే మీ లైను కూడా దాంతోపాటే పోతుంది.

దాడులన్నీ సొంత రౌటరు మీద, సొంత ఫోన్ల మీద మాత్రమే. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43, 66 కలిపి చదివితే, అనుమతి లేకుండా ఇంకొకరి నెట్‌వర్కును స్తంభింపజేసినందుకు మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అందుకే బీకన్ ఫ్లడ్ దాడిని జాబితాలోంచి తీసేశాను. అది నడిస్తే అపార్ట్‌మెంటులో అందరి ఫోన్లలోనూ వందల దొంగ నెట్‌వర్కు పేర్లు కనిపిస్తాయి.

పక్కవాళ్ల ఫ్రేములు ఎలాగూ చెవిన పడతాయి కాబట్టి క్యాప్చర్‌ను, అంటే ఫ్రేముల రికార్డింగును, ఫ్రేముకి 128 బైట్ల దగ్గరే కత్తిరించాను. సిగ్నలు వివరాలుండే రేడియోట్యాప్ హెడరు, పరికరాల అడ్రసులుండే మ్యాక్ హెడరు, బీకన్‌లోని టైమ్‌స్టాంపు, నెట్‌వర్కు పేరు అన్నీ అందులో పట్టేస్తాయి. లోపలి డేటా మనకి అక్కర్లేదు.

ఖర్చు ఇప్పటిదాకా: రూ. 1,630.

దశ 1: దొరికిన డేటాసెట్‌తో మొదలు

వైఫై చొరబాట్ల మీద పనిచేసేవాళ్లు ముందు పట్టుకునేది అవిడ్ డేటాసెట్. గ్రీసులోని ఏజియన్ విశ్వవిద్యాలయం తయారుచేసింది. చిన్న వెర్షన్‌లో ట్రైనింగ్ ఫైలుకి 17,95,575 వరసలు, టెస్టు ఫైలుకి 5,75,643 వరసలు. ఒక్కో వరస ఒక్కో ఫ్రేము. క్లాసు (ఆ ఫ్రేము ఏ రకమో చెప్పే లేబుల్) కాకుండా 154 కాలమ్‌లు. క్లాసులు నాలుగు: నార్మల్, ఇంజెక్షన్ (దొంగ ఫ్రేములు చొప్పించడం), ఇంపర్సనేషన్ (ఇంకొకరి వేషం వేయడం), ఫ్లడింగ్ (ఫ్రేములతో ముంచెత్తడం).

మోడల్ కట్టే ముందు ఒక లెక్క వేసుకోండి. టెస్టు ఫైలులో నార్మల్ వరసలు 5,30,785. అంటే కళ్ళు మూసుకుని ప్రతి ఫ్రేమునూ 'నార్మల్' అనే మోడల్‌కి కూడా 92.21 శాతం ఆక్యురసీ (సరైన జవాబుల శాతం) వస్తుంది. ఎవరైనా ఈ డేటా మీద 95 శాతం వచ్చిందంటే, ఏమీ చేయని మోడల్ కంటే మూడు శాతం కన్నా తక్కువే మెరుగన్నమాట. అందుకని ఈ డైరీలో ఇక ఆక్యురసీ అన్న అంకె ఎక్కడా రాయను. దాడుల్లో ఎన్ని దొరికాయి, రోజుకి తప్పుడు అలారాలు ఎన్ని, ఈ రెండే.

తీసేసిన కాలమ్‌లు:

1. ఫ్రేము వచ్చిన సమయం, దాని నుంచి పుట్టిన కాలమ్‌లు అన్నీ. దాడులు ఫలానా సమయంలో జరిగాయి కాబట్టి ట్రీ మోడల్ (అవును, కాదు ప్రశ్నల చెట్టులా తేల్చేది) గడియారం చూసి జవాబు చెప్పేస్తుంది.
2. మ్యాక్ అడ్రసులు (ఒక్కో వైఫై పరికరాన్ని గుర్తించే అంకెలు). దాడి చేసిన కార్డు అడ్రసు కంఠస్థం చేసి ఏం లాభం?
3. మొత్తం ప్రశ్నార్థకాలే ఉన్నవి, ఆసాంతం ఒకే విలువ ఉన్నవి.
4. వెప్ కాలమ్‌లు. ఈ డేటాసెట్ రికార్డు చేసింది వెప్ అనే పాతకాలపు వైఫై తాళం ఉన్న నెట్‌వర్కులో. మా ఇంట్లో దానికంటే కొత్తదైన డబ్ల్యుపీఏ2 నడుస్తోంది, ఆ కాలమ్‌లు ఇక్కడ ఎప్పుడూ ఖాళీయే.

ఇవన్నీ తీశాక ర్యాండమ్ ఫారెస్టు అనే ట్రీ మోడల్ ఫ్లడింగ్‌ను బాగానే పట్టింది. ఇంపర్సనేషన్ దగ్గర బోర్లా పడింది: 20,079 వరసల్లో చాలా భాగాన్ని నార్మల్ కింద జమకట్టింది. కారణం వెతికితే, టెస్టు ఫైలులో ఆ క్లాసులో ఎక్కువ భాగం హిర్టే అనే దాడి. ట్రైనింగ్ ఫైలులో హిర్టే లేదు. పైగా అది వెప్ తాళాన్ని విరగ్గొట్టడానికి పుట్టిన దాడి. మన ఇంట్లో దాని ఊసే ఉండదు.

అదే బృందం 2021లో అవిడ్3 కూడా తెచ్చింది, అది డబ్ల్యుపీఏ2 ఎంటర్‌ప్రైజ్ మీద. కాలేజీ, ఆఫీసు నెట్‌వర్కులకు దాన్ని చూడండి. ఇంటి రౌటరుకి ఇంటి గాలే, అంటే ఆ గాలిలో తిరిగే ఫ్రేములే, రికార్డు చేసుకోవాలని తేలిపోయింది కాబట్టి అవిడ్‌ను కోడు పరీక్షించుకోవడానికి మాత్రం ఉంచుకున్నాను.

దశ 2: ముందు స్నిఫర్‌కి చెవుడు తగ్గించాలి

స్నిఫర్ అంటే గాలిలో ఫ్రేములు వినే మన అడాప్టరు, బోర్డు. ఈ దశకి పెద్దగా సమయం పట్టదనుకున్నాను. మోడల్ కంటే ఎక్కువ సమయం ఇదే తీసుకుంది.

మొదటి ఇబ్బంది ఛానెల్. మన దేశంలో 2.4 బ్యాండులో 13 ఛానెళ్లు. ఒక్కో దాని మీద 250 మిల్లీసెకన్లు ఆగుతూ తిరిగితే ఒక చుట్టుకి 3.25 సెకన్లు. సెకనులోపే ముగిసే డీఆథ్ దాడి వస్తే స్నిఫర్ వేరే ఛానెల్లో తిరుగుతూ ఉంటుంది. ఛానెళ్లు తిరగడం ఆపేశాను. రౌటరును ఛానెల్ 6కి కట్టేసి స్నిఫర్‌ను కూడా అక్కడే కూర్చోబెట్టాను. రౌటరు సెట్టింగుల్లో ఛానెల్ 'ఆటో' ఉంటే తీసేయండి, లేకపోతే ఓ రాత్రి అది 11కి వెళ్లిపోయి మీరు తెల్లవార్లూ పక్కవాళ్ల రౌటరునే వింటుంటారు.

రెండోది, స్నిఫర్ ఎంత వింటోందో ఎలా తెలుస్తుంది? దీనికి మంచి కొలబద్ద రౌటరే ఇస్తుంది. బీకన్ మామూలుగా ప్రతి 102.4 మిల్లీసెకన్లకి ఒకటి. పది సెకన్లకి 97 లేదా 98 రావాలి. అంతకంటే తక్కువ వస్తే మిగతావి మనం వినలేదనే అర్థం. పది సెకన్లకోసారి మన రౌటరు బీకన్లు లెక్కపెట్టి రాసుకునే చిన్న స్క్రిప్టు పెట్టాను. మొదటి రోజు వచ్చిన అంకెలు:

రాత్రి 2 గంటలకి: 88 నుంచి 91.
సాయంత్రం 8 గంటలకి: 52 నుంచి 60.

సాయంత్రం దాదాపు సగం పోతోంది. ముందు అడాప్టరు చోటు మీద అనుమానం వచ్చింది. రౌటరు పక్కనే టీవీ వెనక పెట్టాను, అక్కడ సిగ్నలు మైనస్ 14 డీబీఎం (సిగ్నలు బలానికి కొలత, సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ). చెవిలో అరిచినట్టే, అంత దగ్గరగా రిసీవరు సరిగ్గా వినలేదు. హాలు అవతల పుస్తకాల అలమర మీదకి మార్చాక మైనస్ 46. బీకన్లు సాయంత్రం 62 నుంచి 68కి వచ్చాయి. అయినా చాలదు.

అసలు దొంగ ఎస్‌ఎస్‌డీ. దాన్ని రాస్ప్‌బెర్రీ పై బోర్డులోని నీలం యూఎస్‌బీ 3 సాకెట్లో పెట్టాను, పక్క సాకెట్లో వైఫై అడాప్టరు. యూఎస్‌బీ 3 లైన్ల నుంచి వచ్చే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది. ఎస్‌ఎస్‌డీ మీదికి ఫైలు రాస్తున్నప్పుడల్లా బీకన్ల లెక్క దబ్బున పడిపోయేది, రాయడం ఆగగానే లేచేది. గ్రాఫులో ఆ మెట్లు చూస్తే అనుమానం లేదు. అడాప్టరును మీటరున్నర ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరిపాను, రూ. 220. ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ 2 సాకెట్లోకి మార్చాను. మనం రాసే వేగానికి అది ధారాళం.

రాత్రి 2 గంటలకి: 95 నుంచి 97.
సాయంత్రం 8 గంటలకి: 79 నుంచి 86.

మిగతాది గాలిలో రద్దీ. ఛానెల్ 6లోనే 17 యాక్సెస్ పాయింట్లు కనిపిస్తున్నాయి. 1 ఎంబీపీఎస్ వేగంలో 250 బైట్ల బీకన్ గాలిలో సుమారు 2.2 మిల్లీసెకన్లు ఉంటుంది. 17 రౌటర్లు, సెకనుకి దాదాపు పదేసి చొప్పున వేసుకుంటే సెకనులో 360 మిల్లీసెకన్ల పైన 'నేనున్నాను' అని చెప్పుకోవడానికే పోతోంది. ఎవరూ ఒక్క వీడియో చూడకముందే మూడో వంతు గాలి ఖర్చు. అపార్ట్‌మెంటుల్లో వైఫై నీరసంగా ఉందని రౌటర్లు మార్చేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకుంటే బాగుండు.

ఈ బీకన్ల లెక్కను తర్వాత మోడల్‌కి కూడా ఇచ్చాను. వినికిడి తగ్గినప్పుడు మిగతా అంకెలు ఎందుకు వంకరపోతాయో దానికీ తెలియాలి కదా.

ఖర్చు ఇప్పటిదాకా: రూ. 1,850. రోజుకి క్యాప్చర్: సుమారు 4 జీబీ.

దశ 3: కిటికీలు, కొలతలు, దాడుల రికార్డింగు

ఫ్రేము ఫ్రేముకీ జవాబు చెప్పే పద్ధతి వదిలేసి పది సెకన్ల కిటికీలకి, అంటే పదేసి సెకన్ల రికార్డింగు ముక్కలకి, మారాను. ఒక్క డీఆథ్ ఫ్రేము చూసి అది దొంగదో దొరదో చెప్పడం కష్టం. పది సెకన్లలో ఎన్ని, ఎవరికి, ఎంత సిగ్నలుతో, ఆ వెంటనే ఏం జరిగింది అన్నవి కలిపి చూస్తే కథ తెలుస్తుంది. రోజుకి 8,640 కిటికీలు. ఒక్కో కిటికీకి తీసిన కొలతల్లో ముఖ్యమైనవి:

1. మన రౌటరు బీకన్లు ఎన్ని వినపడ్డాయి.
2. మన రౌటరు పేరుతో వచ్చిన డీఆథ్, అలాగే కనెక్షన్ తెంపే డిసాసోసియేషన్ ఫ్రేములు. అందులో బ్రాడ్‌కాస్ట్ (అందరికీ కలిపి పంపినవి) ఎంత శాతం.
3. ఆ ఫ్రేముల సిగ్నలుకీ, రౌటరు బీకన్ల సిగ్నలుకీ తేడా.
4. సీక్వెన్సు నంబర్లలో గెంతులు.
5. నెట్‌వర్కులో చేరడానికి ఆథెంటికేషన్, అసోసియేషన్ అడిగినవాళ్ల సంఖ్య, తాళంచెవులు మార్చుకునే ఈపోల్ ఫ్రేముల సంఖ్య.
6. రీట్రై బిట్ ఉన్న, అంటే అందక మళ్ళీ పంపిన, ఫ్రేముల శాతం.

నాలుగో కొలత దగ్గర కొంచెం ఆగాలి. ప్రతి ఫ్రేముకీ 0 నుంచి 4095 దాకా తిరిగే సీక్వెన్సు నంబరు ఉంటుంది. రౌటరు ఫ్రేములు 1210, 1211, 1212 అని వెళ్తుంటే మధ్యలో ఎవడో మన రౌటరు పేరుతో 37 నంబరుతో డీఆథ్ వదిలితే, అది వేరే చోట నుంచి వచ్చిందని పట్టుకోవచ్చు. పాత పద్ధతే, మంచి పద్ధతి. కానీ నేను లెక్కకట్టినప్పుడు ఏ దాడీ లేని కిటికీల్లోనూ వందల గెంతులు కనిపించాయి. సంగతేమిటంటే, క్యూఓఎస్ (ప్రాధాన్యం గుర్తుతో వెళ్లే) డేటా ఫ్రేములకు ఒక్కో ప్రాధాన్య వరసకీ వేరే కౌంటరు నడుస్తుంది. మేనేజ్‌మెంట్ ఫ్రేములది ఇంకో కౌంటరు. అన్నీ కలిపి ఒకే వరసగా చదివితే గెంతులు కాక ఇంకేముంటాయి? డేటా ఫ్రేములు తీసేసి మేనేజ్‌మెంట్ ఫ్రేముల మధ్యే తేడా చూస్తే అంకెలు సర్దుకున్నాయి. గ్రూపుకి వెళ్లే డేటా కూడా ఈ కౌంటరునే వాడుకోవడం వల్ల మామూలుగానే రెండు మూడు అంకెలు ఎగరడం ఉంటుంది, అందుకని 32 దాటినదాన్నే గెంతుగా లెక్కించాను.

దాడి చేసే ల్యాప్‌టాప్‌కి ఇంకో అడాప్టరు కొన్నాను. రికార్డు చేసినవి నాలుగు రకాలు: ఒక ఫోను మీదకే డీఆథ్, అందరి మీదకీ బ్రాడ్‌కాస్ట్ డీఆథ్, ఆథెంటికేషన్ ఫ్లడ్ (చేరతామంటూ కుప్పలుగా నకిలీ అభ్యర్థనలు), అదే పేరు అదే మ్యాక్‌తో దొంగ యాక్సెస్ పాయింటు. దాడి మొదలు, ముగింపు సమయాలు స్క్రిప్టే రాసుకుంటుంది. అంచు మీద పడ్డ కిటికీలు, అంటే సగం దాడి సగం మామూలు ఉన్నవి, ట్రైనింగ్‌లోంచి తీసేశాను. వాటికి ఏ లేబుల్ పెట్టినా అబద్ధమే.

కొలతలు తీశాక ముడి క్యాప్చర్ చెరిపేస్తున్నాను. దాడుల ఫైళ్లు మాత్రం ఉంచాను.

ఖర్చు ఇప్పటిదాకా: రూ. 3,300.

దశ 4: కాగితం మీద బంగారం

లైట్‌జీబీఎం అనే ట్రీ మోడల్, డేటాని చిందరవందరగా కలిపి 80, 20గా విడగొట్టాను. ఎఫ్1 స్కోరు 0.997. ఇది ఆక్యురసీ కాదు: దొరికిన దాడులు, తప్పుడు అలారాలు రెండిటినీ కలిపి చెప్పే అంకె, 1 అయితే తప్పే లేనట్టు. ఇంత మంచి అంకె వస్తే సంతోషించకుండా విడగొట్టిన తీరు మీద అనుమానపడాలి. ఒకే దాడి మూడు నిమిషాలు నడిస్తే అందులోంచి 18 కిటికీలు వస్తాయి. 14 ట్రైనింగ్‌లోకీ, 4 టెస్టులోకీ పోతే టెస్టులో ఉన్నవి కొత్తవేం కావు.

విడగొట్టే పద్ధతి మార్చుకుంటూ పోయిన కొద్దీ అదే మోడల్, అవే కొలతలు:

కలిపి విడగొడితే ఎఫ్1: 0.997.
రికార్డింగు వారీగా విడగొడితే: 0.91.
ల్యాప్‌టాప్‌ను వేరే గదిలో పెట్టి చేసిన దాడులతో పరీక్షిస్తే: 0.58.

మూడో అంకె దగ్గర ఏ కొలత మీద మోడల్ ఎక్కువ ఆధారపడుతోందో చూశాను. మొదటి స్థానంలో డీఆథ్ సిగ్నలు తేడా ఉంది. ట్రైనింగ్ దాడులన్నీ డైనింగ్ టేబుల్ మీద నుంచి చేశాను. అక్కడ నుంచి ఎప్పుడూ మైనస్ 58, 60. మోడల్ నేర్చుకుంది దాడిని కాదు, మా డైనింగ్ టేబుల్ ఎక్కడుందో.

రెండో స్థానంలో రీజన్ కోడు, అంటే కనెక్షన్ ఎందుకు తెంపుతున్నారో డీఆథ్‌లో రాసే నంబరు. నేను వాడిన పనిముట్టు డీఆథ్ ఫ్రేములన్నిట్లోనూ మామూలుగా 7వ నంబరు కారణమే పెడుతుంది. నిజం రౌటర్లు 2, 3, 4, 8 లాంటివి ఎక్కువగా వాడతాయి. ఇక మోడల్‌కి వేరే ఏం కావాలి? 7 కనిపిస్తే దాడి. దాడి చేసేవాడు ఒక్క అంకె మారిస్తే చాలు, మోడల్ గుడ్డిదైపోతుంది.

చేసిన మార్పులు:

1. రీజన్ కోడును పూర్తిగా తీసేశాను.
2. ఫ్రేములు తయారుచేసే పైథాన్ లైబ్రరీ స్కేపీతో సొంత స్క్రిప్టు రాసి కారణం, వేగం, వ్యవధి మార్చి మార్చి దాడులు రికార్డు చేశాను. సెకనుకి రెండే ఫ్రేములు వదిలే నెమ్మది దాడులు కూడా.
3. ల్యాప్‌టాప్‌ను బాల్కనీ, వంటిల్లు, మెట్ల దగ్గర, రౌటరు పక్కనే, ఇలా తిప్పాను. టెస్టుకి వాడిన చోట్లు ట్రైనింగ్‌లో ఎప్పుడూ ఉండవు.
4. సిగ్నలు తేడాకి ప్లస్, మైనస్ గుర్తు తీసేసి, ఎన్ని డీబీ దూరమో మాత్రం ఉంచాను. ఇంట్లో మనుషులు నడిస్తేనే 4, 5 డీబీ ఊగుతుంది కాబట్టి ఆ లోపు తేడాని సున్నా చేశాను.

కొత్త చోటు పరీక్షలో 100 దాడి కిటికీలకి 87 దొరికాయి. దొరకని వాటిలో ఎక్కువ, ల్యాప్‌టాప్ రౌటరు పక్కనే ఉన్నప్పటి నెమ్మది దాడులు. సిగ్నలు తేడా ఉండదు, ఫ్రేములు తక్కువ, అప్పుడు సీక్వెన్సు గెంతు ఒక్కటే దిక్కు.

మధ్యలో ఆటోఎన్‌కోడరు కూడా పెట్టి చూశాను: మామూలు గాలిని నేర్పించి, దానికి పొసగనిదల్లా దాడి అనడం. ఆదివారం సాయంత్రాల్లో క్రికెట్ మ్యాచ్ మొదలైనప్పుడల్లా అలారం కొట్టింది. పక్కన పెట్టేశాను.

దశ 5: నిజంగా నడిపిస్తే

కాగితం మీద తప్పుడు అలారాల రేటు అర శాతం. వినడానికి బాగుంది. రోజుకి 8,640 కిటికీలు కాబట్టి అర శాతమంటే రోజుకి 43 మెసేజ్‌లు. రెండో రోజుకే ఫోనులో ఆ మెసేజ్‌లను మ్యూట్ చేసుకుంటాం. రోజుకి ఒకటి కావాలంటే తప్పు రేటు 0.0116 శాతానికి దిగాలి.

థ్రెషోల్డు (దాడి అనడానికి మోడల్ దాటాల్సిన హద్దు) పెంచి, వరసగా రెండు కిటికీలు అనుమానంగా ఉంటేనే మెసేజ్ అన్నాను. 43 కాస్తా 6, 7కి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆ మిగిలినవి ఒక్కొక్కటీ తెరిచి చూస్తే మూడు రకాలు.

ఒకటి, కరెంటు. సరఫరా పోయి రాగానే అపార్ట్‌మెంటులో రౌటర్లన్నీ ఒకేసారి లేస్తాయి. మన ఫోన్లు, టీవీ, ప్లగ్గులు అన్నీ ఒకేసారి ఆథెంటికేషన్‌కి ఎగబడతాయి. పాత కనెక్షనుందనుకుని డేటా పంపిన వాటికి రౌటరు డీఆథ్ కొడుతుంది. దాడి తర్వాత కనిపించే దృశ్యం అచ్చం ఇదే.

దీనికి మందు బీకన్‌లోనే ఉంది. ప్రతి బీకన్‌లో టీఎస్‌ఎఫ్ అనే 64 బిట్ల టైమ్‌స్టాంపు ఉంటుంది: రేడియో లేచినప్పటి నుంచి ఎన్ని మైక్రోసెకన్లు గడిచాయో. మా రౌటరుది ఓ రోజు 51 లక్షల లక్షలు దాటి పోతూ ఉండగా కరెంటు పోయింది. వచ్చాక చూస్తే మళ్ళీ కోట్లలో మొదలైంది. అది సున్నాకి దగ్గరగా పడి, అక్కడి నుంచి ఒకే వరసలో పెరుగుతుంటే రౌటరు రీస్టార్టయింది. రెండు నిమిషాలు మోడల్ నోరు మూసుకోవాలి.

అదే టీఎస్‌ఎఫ్ దొంగ యాక్సెస్ పాయింటును కూడా పట్టించింది. పేరు, మ్యాక్ అన్నీ కాపీ కొట్టినా రెండు రేడియోల గడియారాలు ఒకటి కావు. ఒకే మ్యాక్ నుంచి పెద్ద అంకె, చిన్న అంకె, మళ్ళీ పెద్ద అంకె అని బీకన్లు కలగలిసి వస్తే రెండు పెట్టెలున్నట్టే. దీనికి మోడల్ అక్కర్లేదు, పది లైన్ల 'ఇఫ్' షరతు చాలు. దొంగ యాక్సెస్ పాయింటు క్లాసును మోడల్ నుంచి తీసేసి రూలుగా మార్చాను. నేను చేసిన పరీక్షల్లో రూలు ఒక్కటీ వదల్లేదు. దొంగవాడు వేరే మ్యాక్‌తో, వేరే ఛానెల్లో లేస్తే మాత్రం ఈ రూలుకి కనపడడు. స్నిఫర్ ఛానెల్ 6లోనే కూర్చుంది మరి.

కరెంటు ఇంకో తిప్పలు కూడా పెట్టింది. రాస్ప్‌బెర్రీ పై బోర్డులో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చాక అది తాను చివరిసారి దాచుకున్న సమయం నుంచి లెక్క మొదలుపెడుతుంది. రౌటరు లేచి ఇంటర్నెట్ వచ్చి సమయం సరిచేసుకునేదాకా రాసిన కిటికీలన్నిటికీ పాత సమయాలు పడతాయి. ఫైలులో ఒకే సమయానికి రెండేసి వరసలు. డీఎస్3231 గడియారం మాడ్యూలు, రూ. 280, నాలుగు తీగలు పెట్టాక ఆ గొడవ పోయింది.

రెండో రకం తప్పుడు అలారాలు ఫోన్ల వల్ల. 'ఇంతకుముందు చూడని మ్యాక్' అనే కొలత ఒకటి పెట్టాను. ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు నెట్‌వర్కు నెట్‌వర్కుకీ వేరే ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తాయి. వెతికేటప్పుడు వాడేవి ఇంకా తరచుగా మారతాయి. మెట్లెక్కి వెళ్లే డెలివరీ అబ్బాయి ఫోను కూడా 'కొత్త పరికరమే'. ఇలాంటి అడ్రసులో రెండో అక్షరం 2, 6, ఏ, ఈలలో ఒకటి ఉంటుంది. వాటిని వేరు చేసి చూశాను, కొత్త మ్యాక్‌లలో దాదాపు అన్నీ ఇవే. కొలతను తీసేశాను.

మూడోది స్నిఫర్ వినికిడి తగ్గిన కిటికీలు. మైక్రోవేవ్ ఓవెన్ పెట్టినప్పుడు బీకన్లు 30కి పడ్డాయి, సీక్వెన్సు గెంతులు పెరిగాయి. 50 కంటే తక్కువ బీకన్లు విన్న కిటికీకి మోడల్ జవాబు చెప్పదు, 'వినపడలేదు' అని రాస్తుంది. ఇదీ ఒక సమాచారమే: అలాంటివి వరసగా ఆరు వస్తే వేరే మెసేజ్ వెళ్తుంది, ఎందుకంటే ఎవరైనా గాలిని పూర్తిగా జామ్ చేసినా ఇలాగే కనిపిస్తుంది.

తప్పుడు అలారాలు: రోజుకి 43, తర్వాత 6 లేదా 7, తర్వాత 2, ఇప్పుడు సగటున ఒకటికి లోపు.
దొరికే దాడి కిటికీలు: 100కి 87 ఉన్నవి, పెంచిన థ్రెషోల్డుతో 81. దాడి మొత్తంగా చూస్తే, ఇరవై సెకన్లు దాటి నడిచినవి దాదాపు తప్పించుకోవడం లేదు.
ఖర్చు ఇప్పటిదాకా: రూ. 3,580.

దశ 6: పీఎంఎఫ్ పెట్టాక

ఇక్కడికి వచ్చాక ఎవరైనా అడిగే ప్రశ్న: నకిలీ డీఆథ్‌ను పట్టుకునే బదులు, పనిచేయకుండా చేయొచ్చు కదా? చేయొచ్చు. 802.11డబ్ల్యు 2009లోనే వచ్చింది, మేనేజ్‌మెంట్ ఫ్రేములకు రక్షణ ఇస్తుంది. ఆ రక్షణ పేరే పీఎంఎఫ్. 2018లో వచ్చిన డబ్ల్యుపీఏ3లో అది తప్పనిసరి. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీలో ఒక్క సెట్టింగు: 0 అంటే లేదు, 1 అంటే కుదిరితే, 2 అంటే తప్పనిసరి.

2 పెట్టగానే పాత ప్రింటరు, రెండు స్మార్ట్ ప్లగ్గులు కనెక్టవడం మానేశాయి. గీజరు ప్లగ్గు పోయేసరికి ఇంట్లో ముందు నాకే తెలిసింది. 1కి వచ్చాను.

1తో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు రక్షణలోకి వచ్చాయి. నకిలీ డీఆథ్ వదిలితే ఫోను కదల్లేదు. కొలతలు మాత్రం మారిపోయాయి. రక్షణ ఉన్న పరికరానికి అసలు రౌటరు పంపే డీఆథ్ ఎన్‌క్రిప్టయి వెళ్తుంది, అంటే రీజన్ కోడు ఎలాగూ కనపడదు. దాన్ని ముందే తీసేయడం కలిసొచ్చింది. కొత్తగా ఒక బలమైన కొలత దొరికింది: రక్షణ ఉన్న ఫోనుకి రక్షణ బిట్ లేని డీఆథ్ వచ్చిందా? వస్తే దాదాపు దొంగదే. మినహాయింపు ఒక్కటే, రౌటరు రీస్టార్టయి తాళాలు మర్చిపోయినప్పుడు అదీ బిట్ లేని డీఆథ్ పంపుతుంది, ఫోను ఎస్‌ఏ క్వెరీ అనే ఫ్రేముతో అది నిజమేనా అని ఆరా తీస్తుంది. ఆ సందర్భం టీఎస్‌ఎఫ్ రూలు కిందకి ఎలాగూ వచ్చేస్తుంది.

ప్రస్తుతం నడుస్తున్న తీరు ఇది:

1. టీఎస్‌ఎఫ్ రూలు: రీస్టార్టు, ఒకే మ్యాక్‌తో దొంగ యాక్సెస్ పాయింటు.
2. పీఎంఎఫ్ రూలు: రక్షణ ఉన్న పరికరాలకి వచ్చే బిట్ లేని డీఆథ్.
3. మోడల్: ప్రింటరు, ప్లగ్గుల మీద డీఆథ్, ఆథెంటికేషన్ ఫ్లడ్.

మోడల్ ఫైలు సైజు 400 కేబీ లోపు. రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద ఒక కిటికీకి లెక్క తేల్చడానికి పట్టే సమయంలో ఎక్కువ భాగం టీషార్క్ ప్రోగ్రాము ఫ్రేముల్ని విడదీయడానికే పోతుంది, మోడల్ వంతు లెక్కలోకి రాదు. నెలకోసారి మామూలు గాలిని కొత్తగా రికార్డు చేసి మళ్ళీ ట్రైన్ చేస్తున్నాను. పై అంతస్తులోకి కొత్తవాళ్లు దిగి ఛానెల్ 6లో ఇంకో రౌటరు పెట్టినప్పుడు తప్పుడు అలారాలు మూడుకి పెరిగాయి, రీట్రై శాతం మారడం వల్ల. కొత్త డేటాతో ట్రైన్ చేశాక తగ్గాయి.

తర్వాత పని 5 గిగాహెర్ట్జ్. ఏఆర్9271తో కుదరదు, ఎంటీ7612యూ చిప్ ఉన్న అడాప్టరు ఆర్డరు పెట్టాను. అది యూఎస్‌బీ 3 అడాప్టరు, అంటే ఎక్స్‌టెన్షన్ కేబుల్ మళ్ళీ కొనాలి. ముందు బీకన్ల లెక్క చూసుకుని, ఆ తర్వాతే దాని క్యాప్చర్‌ను మోడల్‌కి ఇస్తాను.